పొరక పట్టినవాళ్ళకే పారేసే హక్కు కూడా ఇవ్వండి

ఉగాదికి ఇల్లు దులపడం మనకు ఒకరు నేర్పక్కర్లేదు. ఆ వారం తిరుపతిలో ఏ వీధిలో చూసినా మిద్దెల మీద పరుపులు ఎండుతుంటాయి, వాకిళ్ళలో ఇత్తడి సామాన్లను చింతపండు వేసి తోముతుంటారు, అటకల మీద పెట్టెలు కిందికి దిగుతాయి. నా బాధంతా ఆ తర్వాత జరిగేదాని గురించే. దించినవన్నీ తుడిపించుకుని పొద్దుగూకేసరికి మళ్ళీ అటకెక్కుతాయి. దుమ్ము పోతుంది, సామాను మాత్రం ఒక్కటీ తగ్గదు. మిక్సీ కొన్న అట్టపెట్టె, మూత పోయిన ఫ్లాస్కు, ఏ ఫోన్‌దో తెలియని చార్జర్లు, ఎవరి పెళ్ళిలోనో ఇచ్చిన స్టీలు డబ్బాలు... "ఉండనీలే, ఎప్పుడన్నా పనికొస్తాది" అనే ఒక్క మాటతో ఇంకో ఏడాది బతికిపోతాయి.

ఫోన్లోనూ అదే వరస. స్టోరేజ్ నిండిందని వస్తే నాలుగు వీడియోలు తీసేస్తాం. వారం తిరక్కుండానే మళ్ళీ నిండుతుంది. విసుగొచ్చి నెలనెలా డబ్బు కట్టి ఇంకాస్త చోటు కొంటాం. అటక చాలట్లేదని ఇంకో అటక కట్టించుకోవడమే కదా ఇది!

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. అన్నీ దాచే ఇంట్లో కావాల్సింది మాత్రం దొరకదు. పోయినేడు ఒక రాత్రి నాయనకు గుండెల్లో నొప్పి వస్తే ఆస్పత్రికి తీసుకుపోయాం. డ్యూటీ డాక్టరు ముందుగా అడిగింది "పాత ఈసీజీ ఉందా?" అని. గుండెకు సంబంధించి పాత కాగితం చాలా ముఖ్యం. కొత్త ఈసీజీని దాని పక్కన పెట్టి చూస్తేనే, కనిపిస్తున్న తేడా ఇప్పుడు వచ్చిందా, ముందు నుంచీ ఉన్నదా అన్నది తేలిగ్గా తెలుస్తుంది. ఆ కాగితం ఇంట్లో బీరువా పైన ఒక సంచిలో ఉంది. దాని ఫోటో అమ్మ ఫోన్లోనూ ఉంది. అమ్మ వరండాలో బెంచీ మీద కూర్చుని గ్యాలరీ తెరిచింది. గులాబీల మీద శుభోదయం. శనివారం స్వామివారి బొమ్మ. అదే బొమ్మ ఇంకొకరు పంపింది. చీరల ఫోటోలు. ఏదో ఆకు కషాయంతో షుగర్ తగ్గుతుందన్న వీడియో. మళ్ళీ గులాబీలు. తోస్తూనే ఉంది, వేలు వణుకుతోంది, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ మొదటికి వచ్చింది. డాక్టరు రెండోసారి వచ్చి అడిగి వెళ్ళారు. ఫోటో దొరకలేదు. పరీక్షలన్నీ కొత్తగా చేశారు. దేవుడి దయవల్ల నాయన ఇప్పుడు బాగున్నారు. కానీ ఆ బెంచీ మీద అమ్మ ముఖం నేను మరిచిపోలేను. ఉన్న కాగితాన్ని లేకుండా చేసింది ఆ చెత్తే.

ఇలా పారేసే విషయంలో మన ఊరికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. దేవుడి బొమ్మ ఉన్నదేదీ పారేయలేం. టీటీడీ క్యాలెండర్ ఏడాది అయిపోయినా గోడ దిగదు, దిగినా తలుపు వెనక చుట్టగా నిలబడుతుంది. పెళ్ళిపత్రిక మీద శ్రీవారు, పచారీ కొట్టు సంచి మీద శ్రీవారు, అగరొత్తుల పెట్టె మీద పద్మావతమ్మ. చించడానికి చేతులు రావు. చివరికి ఏ రావిచెట్టు కిందో పెట్టి దండం పెట్టుకుని వచ్చేస్తాం. మరుసటి రోజు వాటిని మేకలు నమలడం, వాన వస్తే కాలవలో కొట్టుకుపోవడం అందరం చూసిందే. అది భక్తి ఎలా అవుతుంది? ఒక మంచి పటం ఉంచుకుని రోజూ దీపం పెట్టండి. మిగతా క్యాలెండర్ల దళసరి కాగితం పిల్లల పుస్తకాలకు అట్టలుగా వేయండి, చిన్నప్పుడు మనం చదువుకున్నది ఆ అట్టలతోనే. ఫోన్‌కు వచ్చే బొమ్మలను తీసేస్తే స్వామికి కోపం వస్తుందని దయచేసి ఎవరూ భయపడకండి. కిటికీ తెరిస్తే శేషాచలం కనిపించే ఊళ్ళో ఉంటున్నాం మనం.

అసలు శుభ్రం ఎలా చేయాలో కొండమీదే చూపిస్తారు. శ్రీవారి ఆలయంలో ఏడాదికి నాలుగుసార్లు, ఉగాది, ఆణివార ఆస్థానం, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశికి ముందు వచ్చే మంగళవారం కోయిల్ ఆళ్వార్ తిరుమంజనం చేస్తారు. మూలవిరాట్టుకు వస్త్రం కప్పి, లోపలి వస్తువులన్నీ బయటికి తెచ్చి, గోడలు, పైకప్పు, పూజా సామగ్రి అన్నీ కడుగుతారు. నామకోపు, శ్రీచూర్ణం, కస్తూరి పసుపు, గడ్డ కర్పూరం, గంధం పొడి, కిచిలిగడ్డ కలిపిన పరిమళ జలం గుడంతా చల్లుతారు. ఆ తర్వాతే పూజ, నైవేద్యం. ఏదీ కదిలించకుండా పైపైన తుడిచే పద్ధతి అక్కడ లేదు. ఏడాదికి ఒక్కసారైనా మన ఇంట్లో ప్రతి వస్తువునూ బయటికి తెచ్చి, మళ్ళీ లోపలికి తీసుకెళ్ళే ముందు "నువ్వెందుకు?" అని అడగలేమా?

అన్నీ పారేయమని మాత్రం నేననను. ఇంటర్నెట్‌లో చూపించే ఖాళీ గదులు, ఒక కుర్చీ, ఒక కుండీ తిరుపతి ఇంటికి కుదరవు. ఎవరికి దర్శనం టికెట్లు దొరికినా ముందు మనకే ఫోన్ వస్తుంది. తెల్లారుజామున రేణిగుంటలో రైలు దిగి ఆరుగురు వస్తే చాపలు, దిండ్లు, దుప్పట్లు ఉండాల్సిందే. మా అవ్వ ఆవకాయ జాడీలు కూడా కదలవు, ఎండాకాలం వాటితోనే గడుస్తుంది. వాడేది వస్తువు, ఎంత పాతదైనా సరే ఉంచండి. భయంతోనో మొహమాటంతోనో దాచుకున్నదే బరువు.

ఇక అసలు విషయానికి వస్తాను, దీని మీద నాకు నిజంగానే కోపం ఉంది. ఇల్లు దులిపేది అమ్మ. కానీ నాయన ఫైళ్ళు ముట్టుకోకూడదు. కొడుకు ఇంజనీరింగ్ పుస్తకాలు తీయకూడదు, వాడు ఉద్యోగంలో చేరి ఎన్నేళ్ళైనా సరే. అత్తగారి రాగి బిందెలు కదిలించకూడదు. కూతురు పెళ్ళై వెళ్ళిపోయినా ఆమె అట్టపెట్టెలు ఇక్కడే ఉంటాయి. అంటే అందరి సామానూ ఏడాదికోసారి ఎత్తి దించే చాకిరీ ఒకరిది, ఏది ఉండాలో చెప్పే అధికారం మిగతావాళ్ళది. నడుం నొప్పితో స్టూలెక్కి అటక తుడిచే మనిషికి అక్కడ ఏది ఉండాలో చెప్పే హక్కు లేకపోవడం ఏం న్యాయం? ఎవరి పెట్టె వాళ్ళే దించుకుని, వాళ్ళే తెరిచి చూసుకోండి. ఉగాదికి ముందు ఒక ఆదివారం అందరూ ఇంట్లో ఉండండి. ఆరోజు రానివాళ్ళ సామాను ఏం చేయాలో అమ్మ ఇష్టం.

ఫోన్ పని దానికంటే తేలిక. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా, అందులో మేనేజ్ స్టోరేజ్ తెరిస్తే 5 ఎంబీ దాటినవి, చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి విడివిడిగా కనిపిస్తాయి. ముందు ఆ రెండూ చూడండి. పెద్ద గ్రూపుల ఫోటోలు వాటంతటవే దిగకుండా ఆటో డౌన్‌లోడ్ ఆపేయండి. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ జీమెయిల్‌కు, డ్రైవ్‌కు, ఫోటోలకు మూడింటికీ కలిపి. ఫోటోలకు 2021 జూన్ 1కి ముందు ఉన్న అపరిమిత ఉచితం ఇప్పుడు లేదు. ఆ చోటు పూర్తిగా నిండిందా, జీమెయిల్‌కు కొత్త మెయిళ్ళు రావడం ఆగిపోతుంది. పిల్ల హాల్‌టికెట్ మెయిల్ గులాబీల వల్ల రాకుండా పోతే ఎవరిని అడుగుతాం?

పాత సిమ్‌ల సంగతి ఎవరూ పట్టించుకోరు కానీ అదే ఎక్కువ ప్రమాదం. వాడడం మానేసిన నంబరు కొన్ని నెలల తర్వాత ఇంకొకరికి వెళ్తుంది. అది బ్యాంకు ఖాతాకు లింకై ఉంటే మన ఓటీపీ వాళ్ళకు చేరుతుంది. ముందు బ్యాంకులో నంబరు మార్చుకుని, ఆ తర్వాతే పాతదాన్ని వదిలేయండి. మన పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో ప్రభుత్వం వారి సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు.

పాడైన ఫోన్లు, ఉబ్బిన బ్యాటరీలు చెత్తబండిలో వేయకండి, నలిగితే నిప్పంటుకుంటాయి. ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్ళకే ఇవ్వండి. పనిచేసే ఫోన్ అయితే ముందు ఫ్యాక్టరీ రీసెట్ చేసి లోపలున్నదంతా చెరిపేయండి. బట్టల విషయంలో ఒక్క మాట. చిరిగినవి, రంగు వెలిసినవి మూటగట్టి దానం అనడం తప్పు. మనం కట్టుకోగలిగినవే ఇంకొకరికి ఇవ్వాలి, మిగతావి తుడుపుగుడ్డలే. భోగి మంటల్లో ప్లాస్టిక్ కాల్చడం కూడా ఇక ఆపాలి.

ఇవేవీ కుదరకపోతే కనీసం ఒక్కటి చేయండి. భూమి దస్తావేజులు, పట్టాదారు పాసుపుస్తకం, ఇన్సూరెన్స్ బాండ్లు ఒక ఫైల్లో పెట్టి, అది ఎక్కడుందో ఇంట్లో కనీసం ఇద్దరికి చెప్పండి. ఆధార్, లైసెన్స్, ఆర్సీ ప్రభుత్వం వారి డిజిలాకర్ యాప్‌లోకి తెచ్చుకోండి. అమ్మానాయనల వైద్య కాగితాలన్నింటికీ ఫోటోలు తీసి, పేరు, తేదీ, ఏ పరీక్షో రాసి, ఒకే ఫోల్డర్‌లో పెట్టి బెంగళూరులో ఉన్న తమ్ముడికి, చెన్నైలో ఉన్న చెల్లికి షేర్ చేయండి. అర్ధరాత్రి మనం కంగారులో ఉంటే వాళ్ళైనా అక్కడి నుంచి డాక్టరుకు పంపుతారు.