గడ్డి తొక్కని గోల్ఫర్ వాంగ్మూలం

నా చేతిలో ఉన్నది గోల్ఫ్ వీడియో గేము కంట్రోలర్ కాదు, ఏడో నంబర్ ఐరన్ అనే గోల్ఫ్ కర్ర అని ఇంట్లో అందరికీ చెప్పి చూశాను. ఎవరూ నమ్మలేదు. అందుకే ఈ వాంగ్మూలాన్ని లిఖితపూర్వకంగా ఇస్తున్నాను.

గోల్ఫ్ అభిమానిగా నాకు కొన్ని విలువలున్నాయి. నెత్తిన టోపీ, ఒంటిమీద కాలరున్న టీషర్టు లేకుండా టోర్నమెంటు మొదలుపెట్టను. పట్, అంటే బంతిని గుంతలోకి మెల్లగా దొర్లించే దెబ్బ, కొట్టే ముందు వాషింగ్ మెషీన్ ఆగాలి. ఒకసారి సరిగ్గా ఆ క్షణంలోనే మా ఆవిడ "ఏమండీ" అంది. నాలుగడుగుల పట్ పోయింది. నిజం కోర్సులో అయితే అలా అరిచినవాళ్లని బయటికి పంపిస్తారు. ఇక్కడ నేనే బయటికి వెళ్లాల్సి వచ్చింది, చెత్త పారేయడానికి. పోయిన బంతిని వెతకడానికి 2019 నుంచి రూల్సు 3 నిమిషాలే ఇస్తున్నాయి. సోఫా కింద దూరిన బ్యాటరీ మూత కోసం నాకు అరగంట పట్టింది. ఎవరూ అడక్కుండానే పెనాల్టీ వేసుకున్నాను.

"బటన్ నొక్కడమే కదా నాన్నా" అంటాడు మావాడు. చరిత్ర తెలియని పిల్లాడు. 1984 నాటి నింటెండో గోల్ఫ్‌లోనే మూడుసార్లు నొక్కాలి. స్వింగ్ మొదలవడానికి ఒకటి, బలానికి ఒకటి, బంతి తిన్నగా వెళ్లడానికి ఇంకొకటి. ఆ మూడో నొక్కుడు దగ్గరే మనిషి అసలు స్వభావం బయటపడుతుంది. నాది సాధారణంగా కుడివైపు చెట్లలో బయటపడుతుంది. ఇప్పటి గేముల్లో స్టిక్‌ని వెనక్కి లాగి ముందుకు నెట్టాలి. బొటనవేలు రవ్వంత వంకర తిరిగినా బంతి పక్క హోల్‌వాళ్ల దగ్గరికి పోతుంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు కంట్రోలర్‌ని తిట్టే రకం కాదు నేను. గాలిని తిడతాను. గాలి ఎటు వీస్తోందో, ఎంత వేగంతో వీస్తోందో తెర మీద అంకెల్లోనే ఉంటుంది, నిజమే. కానీ అభిమాని అన్నాక కాస్త గడ్డి పీకి గాల్లోకి వదిలి చూడొద్దూ? గడ్డి లేదు గనక దిండులోంచి దూది పీకుతున్నాను. సీలింగ్ ఫ్యాన్ వల్ల ఫలితం ఇంకా తేలలేదు.

నడక ఉండదు కదా అనేవాళ్లున్నారు. అది నాకూ డాక్టరుకూ మధ్య విషయం.

మిగతా అన్నింట్లో మాత్రం నేను వాస్తవికతకి కట్టుబడినవాణ్ని. అమెరికాలోని అగస్టా నేషనల్ కోర్సులో 12వ హోల్ అంటే కొట్టే చోటి నుంచి గుంత దాకా సరిగ్గా 155 గజాలుండాలి, ముందు రేస్ క్రీక్ అనే వాగు పారాలి, వెనక రెండు బంకర్లు, అంటే ఇసుక గుంటలు, ఉండాలి. స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో ఉన్న 112 బంకర్లలో ఒక్కటి తగ్గినా ఊరుకోను. వాటిలో చాలావాటిని స్వయంగా దిగి పరిశీలించాను కూడా. బ్యాగులో 14 క్లబ్బులకి మించి కోరను.

అయితే వాస్తవికతకీ ఒక హద్దుండాలి. దాని పేరు రీస్టార్ట్.

గిట్టనివాళ్లు దీన్ని మోసం అంటారు. అలా అనేవాళ్లు అగస్టాలో జరిగిన 1968 మాస్టర్స్ టోర్నమెంటుని ఒకసారి గుర్తు తెచ్చుకోవాలి. రాబర్టో డి విసెంజో అనే ఆటగాడు 17వ హోల్‌ని 3 దెబ్బల్లో ముగిస్తే, కార్డు రాస్తున్న తోటి ఆటగాడు 4 అని వేశాడు. ఈయన చూసుకోకుండా సంతకం పెట్టేశాడు. తక్కువ దెబ్బలు కొట్టినవాడే గెలిచే ఆటలో కొట్టింది 65, కార్డులో మిగిలింది 66. స్కోర్లు సమానమై ఆడాల్సిన ప్లేఆఫ్ కాస్తా కాగితం మీదే పోయింది. పోనీ 1999 బ్రిటిష్ ఓపెన్ చూడండి. కార్నూస్టీలో జాన్ వాన్ డి వెల్డె మూడు దెబ్బల ఆధిక్యంతో చివరి హోల్‌కి వచ్చాడు. బంతి వాగులో పడితే బూట్లు విప్పి, ప్యాంటు మడిచి నీళ్లలోకి దిగాడు. ఆ హోల్‌లో 7 కొట్టి ప్లేఆఫ్‌లో ఓడిపోయాడు. పాపం, ఆయనకి కావలసింది ఒక్క బటన్. నేనైతే బూట్లు విప్పే పనే ఉండేది కాదు. ఇంట్లో ఎలాగూ వేసుకోను.

గోల్ఫర్లని అణచివేయడం కొత్తేమీ కాదు. జనం విలువిద్య సాధన మానేసి ఆటల వెంట పడుతున్నారని 1457లోనే స్కాట్లాండ్ పార్లమెంటు గోల్ఫ్‌నీ ఫుట్‌బాల్‌నీ నిషేధించింది. ఐదొందల ఏళ్లు దాటినా అభియోగం అదే. విలువిద్య పోయి బట్టలు ఆరేయడం వచ్చింది, అంతే.

ఇక తప్పుని ఎలా మోయాలో నేను పెద్దల దగ్గరే నేర్చుకున్నాను. గోల్ఫ్ దిగ్గజం టైగర్ వుడ్స్ పేరిట వచ్చిన టైగర్ వుడ్స్ 08 గేములో టైగర్ బొమ్మ చెరువు నీళ్ల మీద నిలబడి బంతి కొడుతోందని ఒక ఆటగాడు వీడియో పెట్టాడు. గేము కంపెనీ ఏం చేసింది? 2008లో అసలు టైగర్‌నే నీళ్ల మీద నడిపిస్తూ ప్రకటన తీసి, ఇది లోపం కాదు, ఆయన అంత గొప్పోడు అని జవాబిచ్చింది.

ఆ స్ఫూర్తితోనే చెబుతున్నాను. 2020 మాస్టర్స్ చివరి రోజు ఇదే టైగర్, అగస్టా 12వ హోల్‌లో మూడు బంతులు నీళ్లపాలు చేసి, 3 దెబ్బల్లో ముగించాల్సిన పార్ 3 హోల్‌లో 10 కొట్టాడు. మొన్న ఆదివారం అదే హోల్‌లో నేనూ సరిగ్గా 10 కొట్టాను. రీస్టార్ట్ మీదికి వెళ్లిన వేలు దానంతటదే ఆగిపోయింది. మేజర్లనే పెద్ద టోర్నమెంట్లు 15 గెలిచినవాడితో సమానంగా వచ్చిన స్కోరుని ఎవరైనా చెరిపేసుకుంటారా? ఫోటో తీసి చుట్టాలందరికీ పంపాను.

టైగర్ ఆ తర్వాత మిగిలిన ఆరు హోల్స్‌లో ఐదు బర్డీలు, అంటే పార్ కంటే ఒక దెబ్బ తక్కువలో ముగించడం, కొట్టాడు. నేను 13వ హోల్ మొదటి దెబ్బ కొట్టే చోటే ఆట ఆపేశాను. అప్పటికే బట్టలు ఆరేసే వేళయింది.