మిద్దె వేడికి మందు పైన వేయాలి, కింద కాదు

తిరుపతిలో ఏప్రిల్ ఆఖరి వారం మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. ఆ ఎండ గోడల కన్నా మిద్దె మీదే ఎక్కువ పడుతుంది. అయిదంగుళాల స్లాబు పగలంతా వేడిని తాగి, జనం పడుకునే వేళకు గదిలోకి వదులుతుంది. పై అంతస్తులో రాత్రిపూట ఫ్యాను వేస్తే వేడిగాలి దిగేది అందుకే.

దీనికి చాలామంది ఫాల్స్ సీలింగ్ వేసి దానిపైన థర్మోకోల్ పరుస్తున్నారు. గదికి కొంత ఊరటే. కానీ స్లాబు ఎప్పటిలాగే పగలు సాగుతూ, రాత్రి ముడుచుకుంటూ పగుళ్లిస్తుంది. పైగా కరెంటు వైర్ల పక్కనే అంటుకునే సరుకు! అపార్టుమెంటులో మిద్దె అందరిదీ కాబట్టి కిందనుంచి తప్ప దారి లేదనుకుంటే, మండని రాక్‌వూల్ (రాతి నారతో చేసిన దూది లాంటి పలక) పెట్టించుకోవడం మేలు.

సొంత ఇంటికి మాత్రం వేడిని ఆపే పొర స్లాబు పైనే వేయాలి. ఇళ్లలో కరెంటు ఆదా కోసం కేంద్రం తెచ్చిన 2018 నాటి ఎకో నివాస్ సంహిత ప్రకారం పైకప్పు యూ-విలువ (వేడి ఎంత సులువుగా దాటుతుందో చెప్పే లెక్క, తక్కువైతే మేలు) 1.2 దాటకూడదు. ఉత్త స్లాబుది 3 పైమాటే. 25 మి.మీ. (అంగుళం) ఎక్స్‌పీఎస్ బోర్డు, అంటే గట్టి నురుగు పలక, దాన్ని 1 లోపుకు దించుతుంది. 50 మి.మీ. వేస్తే 0.6 లోపు. అంటే మొదటి అంగుళమే అసలు పని చేసేది. పై గదుల్లో ఏసీ రోజూ నడిచే ఇంటికే రెండో అంగుళం గిట్టుబాటు. గాలి బుడగల మీద మెరిసే రేకు అతికించిన బబుల్ ఫాయిల్‌ను కాంక్రీటు కింద పరిచేవాళ్లూ ఉన్నారు. రేకుకు ఎదురుగా గాలి సందు లేకపోతే ఆ మెరుపుకు పనే లేదు.

ముందు వాటర్‌ప్రూఫింగ్. వాలు 100కి 1 చొప్పున, పిట్టగోడ మూలలు గుండ్రంగా. 48 గంటలు నీళ్లు నిలబెట్టి, కింద చెమ్మ లేదని తేలాకే బోర్డులు. ఎక్కువ దెబ్బతినేది ఇక్కడే: సాల్వెంట్ కలిసిన తారు పూత ఆరకముందే బోర్డు పెడితే దాని అడుగు కరిగి గుంటలు పడుతుంది. ఆనక పైన నడిస్తే టైలు డొల్లగా మోగుతుంది. అతుకులు ఇటుక వరసల్లా తప్పించి పేర్చాలి. ఆపైన జియోటెక్స్‌టైల్ గుడ్డ, చికెన్ మెష్‌ (సన్న తీగ వల)తో 50 మి.మీ. కాంక్రీటు, అది పగలకుండా రెండు మీటర్లకో గాటు, చివరికి తెల్ల టైలు. 1200 చదరపు అడుగులకు 1250×600 మి.మీ. బోర్డులు 149 పడతాయి. కోతల వృథా కలుపుకొని 157 తెప్పించాలి. వచ్చిన బోర్డులను రోజుల తరబడి ఎండలో వదిలేస్తే పైపొర పొడి రాలుతుంది.

ఇంత బడ్జెట్ లేనివాళ్లకు ఎండను తిప్పికొట్టే తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ ఉంది. అయితే దుమ్ము పట్టేకొద్దీ దాని పస తగ్గుతుంది, వేసవి ముందు కడగాలి.

మేస్త్రీలు మరిచేది ఎత్తు లెక్క. 50 మి.మీ. బోర్డు వేస్తే మిద్దె నాలుగంగుళాలకు పైగా లేస్తుంది, పిట్టగోడ అంతే పొట్టిదవుతుంది. నీళ్లు పోయే పైపు నోరు కొత్త ఎత్తుకు తగ్గట్టు మార్చాలి. మెట్ల గది గడపను ముందే పెంచకపోతే, నవంబరు తుపాను వానకు మిద్దె మీది నీళ్లు మెట్ల మీదుగా హాల్లోకి దిగుతాయి.