58 మంది పిల్లలు, వెనక బెంచీ దగ్గర ఇంకో టీచరు

విజయనగరం జిల్లాలో చీపురుపల్లి వైపు ఒక హైస్కూల్లో నేను లెక్కలు చెబుతాను. కిందటేడు ఆరో తరగతిలో 58 మంది. 45 నిమిషాల పీరియడ్‌లో అటెండెన్స్‌కీ, పిల్లలు కుదురుకోవడానికీ ఓ అయిదు నిమిషాలు తీసేసి మిగిలింది పంచి చూడండి, ఒక్కొక్కరికి 40 సెకన్లు. అంతలో ఎవరికి ఏం రాలేదో కనిపెట్టడం నా వల్ల కాలేదు.

విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 35 మందికి ఒక టీచర్ ఉండాలి. కానీ హిందీ, సైన్స్, సోషల్ టీచర్లందరినీ కలిపి లెక్కేస్తే కాగితం మీద సరిపోతుంది, లెక్కల పీరియడ్‌లో గదిలో ఉండేది మాత్రం నేనొక్కడినే.

భిన్నాల పాఠం మొదలైనప్పుడు మా సైన్స్ మేడమ్‌ని, లీజర్ (తనకు క్లాసు లేని పీరియడ్) ఉన్నప్పుడు వారానికి రెండుసార్లు నా క్లాసుకి రమ్మని అడిగాను. మొదటిరోజు ఆవిడ వెనక తిరుగుతూ నోటుబుక్కులు చూశారంతే. సగం, మూడో వంతు కలిపితే ఎంతో నేను బోర్డు మీద చేసి చూపిస్తే అందరూ తలలూపారు. పీరియడ్ అయ్యాక ఆవిడ చెప్పారు, ఆ తర్వాత ఇచ్చిన అలాంటి లెక్కలో పద్నాలుగు మంది పైవి పైన, కిందివి కింద కూడేశారని. సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తక్కువ ఎలా వస్తుందన్న అనుమానం ఒక్కరికీ రాలేదు. ఇన్నేళ్లలో ఎంతమంది ఇలాగే నా ముందు నుంచి వెళ్లిపోయారో అని ఆ రాత్రి నిద్రపట్టలేదు.

మర్నాడు ఆ పద్నాలుగు మందికీ ఆవిడ వరండాలో కాగితాలు మడతపెట్టించి చెప్పారు, మిగతా వాళ్లకి నేను గదిలో ఇంకాస్త గట్టి లెక్కలిచ్చాను.

దీన్నే కో-టీచింగ్ అంటారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల్ని మామూలు తరగతిలోనే చదివించడానికి అమెరికాలో బాగా వాడిన పద్ధతి, మారిలిన్ ఫ్రెండ్, లిన్ కుక్ దాన్ని రకరకాలుగా విడదీసి వివరించారు. ఒకరు చెబుతుంటే ఒకరు గమనించడం, తరగతిని రెండు చేసి ఇద్దరూ ఒకే పాఠం చెప్పడం, కొందరిని విడిగా కూర్చోబెట్టడం, పెద్ద తరగతికి ఈ మూడూ పనికొస్తాయని నా నమ్మకం. ఇద్దరూ బోర్డు దగ్గరే నిలబడితే వినేవాళ్లు మళ్లీ 58 మందే కదా.

మూడో వారంలో ఒక పిల్లాడు వచ్చి "నన్ను వరండా బ్యాచ్ అంతన్నారు మేస్టారూ" అన్నాడు. తప్పు మాదే. ఆ రోజు నుంచి బాగా వచ్చినవాళ్లనీ వరండాకి పంపాం, కొన్నిసార్లు గదిలో పాఠం ఆవిడే చెప్పారు, నేను బయట కూర్చున్నాను. రెండో టీచర్ని "సైలెన్స్" అనడానికే నిలబెడితే పిల్లలు వెంటనే పసిగడతారు.

అయితే లీజర్ అంటే ఖాళీ కాదు, నోట్సులు దిద్దాలి, యాప్‌లో ఫోటోలు పెట్టాలి. ఆవిడ మంచితనం మీద ఎన్నాళ్లు నడిపిస్తాం? టైమ్‌టేబుల్లోనే వారానికి రెండు పీరియడ్లు ఇద్దరి పేరునా వేయాలి, కలిసి పాఠం అనుకోవడానికి అరగంట ఇవ్వాలి. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో చూపించాల్సింది ఇదే. డీఎస్సీ-2025లో 16,347 పోస్టులకి నోటిఫికేషన్ ఇచ్చారు, అలా వచ్చే టీచర్లని సర్దేటప్పుడు బడి మొత్తం నిష్పత్తితో పాటు అన్నిటికంటే పెద్ద సెక్షన్‌ని కూడా చూడాలి. ఖాళీలు నింపకుండా ఉన్నవాళ్లతోనే సర్దుకోమనడానికి కో-టీచింగ్‌ని సాకుగా వాడితే మాత్రం నేను ఒప్పుకోను.

ఈ ఏడు ఆరో తరగతికి 61 మంది వచ్చారు. నా పీరియడ్ ఉన్నప్పుడే మేడమ్‌కి తొమ్మిదో తరగతి వేశారు. భిన్నాలు వచ్చే నెలలో మొదలుపెట్టాలి, ఆ ఒక్క పీరియడ్ మార్చమని హెచ్.ఎం. గారికి కాగితం రాసిచ్చాను.