బ్రెగ్జిట్‌తో బ్రిటన్‌లో తిండి చౌకవ్వలేదు, వలస కూలీలు పోలేదు

మా ఊరి వాట్సాప్ గ్రూపులో నెల రోజులుగా ఒక మెసేజ్ తిరుగుతోంది. బ్రిటన్ ఐరోపా యూనియన్ నుంచి, అంటే ఈయూ నుంచి బయటికొచ్చి (దీన్నే బ్రెగ్జిట్ అంటారు) బాగుపడిందట. "సుంకాలు పోయి తిండి చౌకైంది. ధరలు పెరిగాయంటే అది ఉక్రెయిన్ యుద్ధం వల్లే. బయటి కూలీలు వెళ్లిపోయి పొలం పనులు సొంత జనానికి దొరికాయి. కొత్త ఒప్పందాలతో రైతు లాభపడ్డాడు. మనమూ ఇలాంటి కూటముల్లోంచి బయటపడాలి." ఇదీ దాని సారాంశం. గుంటూరులో ఉండే మా బావ దాన్ని నాకు పంపి, "నువ్వు అక్కడే ఉంటావు కదా, నిజమేనా?" అని అడిగాడు.

మా నాన్నది మిర్చి సాగు. నేనుండేది ఇంగ్లండ్‌లోని కెంట్‌లో. డోవర్ రేవులో దిగిన లారీలు మా ఊరి పక్క హైవే మీదుగానే పోతాయి, కాస్త దూరం నడిస్తే స్ట్రాబెర్రీ తోటలు. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను. నిజం ఉన్నచోట ఉందనే చెబుతాను.

ముందుగా ఆ సుంకాల సంగతి. పోవడానికి అసలు ఉంటే కదా! బ్రిటన్ ఈ కూటమిలో చేరింది 1973లో. బయటికొచ్చింది 2020 జనవరి 31న, పాత నిబంధనలు మాత్రం ఆ ఏడాది చివరిదాకా నడిచాయి. ఈయూలో కలిసి ఉన్నన్నాళ్లూ స్పెయిన్ టమాటా మీదా, హాలండ్ క్యాప్సికం మీదా సుంకం లేదు. 2021 జనవరి నుంచి అమలైన కొత్త ఒప్పందంలోనూ లేదు. మారింది కాగితం, అంటే సరుకుతో పాటు చూపాల్సిన పత్రాలు, తనిఖీలు. తిండి విషయంలో బ్రిటన్ బయటి దేశాల మీద బాగా ఆధారపడే దేశం. విలువ లెక్కన సుమారు 60 శాతమే సొంత ఉత్పత్తి, పండ్లయితే ఆరో వంతు కూడా కష్టం. అలాంటిచోట కాగితం బరువు నేరుగా పళ్లెం మీద పడుతుంది.

ఆ బరువు ఎలా పడుతుందో మా వీధిలోనే చూశాను. ఒక చిన్న కొట్టాయన ఇటలీ నుంచి చీజ్, ఎండబెట్టిన మాంసం తెప్పించేవాడు. ఫోన్ చేస్తే మూడో రోజుకి సరుకు దిగేది. 2024 జనవరి 31 నుంచి ఇలాంటి సరుకుకి అక్కడి పశువైద్యుడు సంతకం చేసిన ఆరోగ్య సర్టిఫికెట్ ఉండాలి. ఏప్రిల్ 30 నుంచి డోవర్‌కి సుమారు 35 కిలోమీటర్ల దూరంలోని సెవింగ్టన్‌లో లారీలు ఆపి తనిఖీలు మొదలుపెట్టారు. ఒక్కో రకం సరుకుకి 29 పౌండ్ల దాకా, ఒక్కో లోడుకి ఎక్కువలో ఎక్కువ 145 పౌండ్ల రుసుము. పెద్ద సూపర్‌మార్కెట్ లారీ నిండా ఒకే సరుకు తెస్తుంది కాబట్టి ఆ రుసుము కిలోకి పైసల్లో తేలిపోతుంది. ఈయన సరుకు వచ్చేది పదిమంది సరుకులు కలిపి నింపిన లారీలో. అందులో ఒక్కరి కాగితంలో తప్పు దొర్లినా లారీ మొత్తం ఆగుతుంది. నాలుగు పెట్టెల చీజ్ మీద ఆ ఖర్చు వేస్తే కొనేవాళ్లు ఉండరు. ఆయన నేరుగా తెప్పించడం మానేసి, ఇప్పుడు పెద్ద వ్యాపారి దగ్గర ఎక్కువ ధరకి కొంటున్నాడు.

బ్రిటన్ నుంచి అటు వెళ్లే సరుకుకైతే మొదటి రోజు నుంచే ఈ బాధ. 2021 జనవరిలో హాలండ్ రేవులో కస్టమ్స్ వాళ్లు బ్రిటన్ నుంచి వచ్చిన లారీ డ్రైవర్ల చేతిలోని శాండ్‌విచ్‌లు కూడా తీసుకున్నారు. అందులో మాంసం ముక్క ఉంది, బయటి దేశపు మాంసం తేకూడదు. స్కాట్లండ్ నుంచి అటు పంపే రొయ్యలు, పీతలు కాగితాల దగ్గర ఆగిపోవడంతో ఆ వ్యాపారులు లారీలు తీసుకుని లండన్ వచ్చి నిరసన తెలిపారు.

ఈ తనిఖీలతో ధర పెరగదనే వాళ్లను నేను ఒకటే అడుగుతాను. మరి బ్రిటన్ ప్రభుత్వం తన వైపు తనిఖీలను ఐదుసార్లు ఎందుకు వాయిదా వేసుకుంది? 2022 ఏప్రిల్‌లో అలా వాయిదా ప్రకటించిన మంత్రి జేకబ్ రీస్-మాగ్. ఈయూ నుంచి బయటికొస్తే తిండి, బట్టలు, చెప్పులు చౌకవుతాయని ఊరూరా చెప్పిన నాయకుడు ఆయనే. అదే మనిషి, ఇప్పుడు ఈ తనిఖీలు పెడితే మనకు మనమే హాని చేసుకున్నట్టవుతుందని అన్నాడు.

ఇక యుద్ధం. ఇందులో నిజం ఉంది, దాచాల్సిన పని లేదు. 2023 మార్చిలో బ్రిటన్‌లో ఆహార ధరలు ఏడాదిలో 19 శాతానికి పైగా పెరిగాయి. అదే నెలలో ఈయూలోనే ఉన్న జర్మనీలో 22 శాతం పెరిగాయి. గ్యాస్, ఎరువులు, నూనె, గోధుమ అన్నీ కలిసి మండాయి. ఆ ఫిబ్రవరిలో మా దగ్గరి సూపర్‌మార్కెట్‌లో మనిషికి మూడే టమాటాలు అని బోర్డు పెట్టారు. వారానికి రెండుసార్లు టమాటా పప్పు వండుకునే ఇంట్లో ఎంత ఇబ్బందో వేరే చెప్పక్కర్లేదు. అప్పుడు చాలామంది దాన్ని కూడా బ్రెగ్జిట్ ఖాతాలో వేశారు. అదీ సరికాదు. స్పెయిన్, మొరాకోల్లో చలికి పంట దెబ్బతింది, కరెంటు, గ్యాస్ బిల్లులకు భయపడి ఇక్కడి గాజు షెడ్ల రైతులు మొక్కలు ఆలస్యంగా వేశారు. ప్రధాన కారణాలు ఇవే.

కానీ యుద్ధం వల్ల పెరిగిన దాన్నీ, బ్రెగ్జిట్ వల్ల పెరిగిన దాన్నీ విడదీసి చూసిన వాళ్లున్నారు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకులు ఈయూ నుంచి ఎక్కువగా వచ్చే, కాగితాల అడ్డంకి ఎక్కువున్న సరుకుల ధరలను ఆ అడ్డంకి లేని సరుకుల ధరలతో పోల్చారు. యుద్ధం, కరోనా రెండు రకాల సరుకుల్నీ తాకాయి కదా, మిగిలిన తేడా సరిహద్దుది. 2019 డిసెంబర్ నుంచి 2023 మార్చి దాకా ఆహార ధరలు దాదాపు 25 శాతం పెరిగితే, ఆ 25లో సుమారు 8, అంటే దాదాపు మూడో వంతు, బ్రెగ్జిట్ వల్లేనని తేల్చారు. ఇంటికి సగటున 250 పౌండ్లు. సంపాదనలో ఎక్కువ భాగం తిండికే పోయే పేద ఇళ్ల మీద ఈ దెబ్బ ఎక్కువ. యుద్ధమే మొత్తం కారణం అనేవాళ్లు ఈ మూడో వంతుకి జవాబు చెప్పాలి.

నాకు ఎక్కువ కడుపు మండేది కూలీల గురించి రాసిన మాట దగ్గర. మిర్చి కోతల టైముకి మా ఊరికి కర్నూలు పడమటి మండలాల నుంచి ముఠాలు ముఠాలుగా వస్తారు. పిల్లల్ని చంకనేసుకుని వచ్చి చేల గట్ల మీద గుడారాలు వేసుకుంటారు. మా ఊళ్లో మనుషులు లేక కాదు. రెండు నెలలు మాత్రమే ఉండి పోయే పనిని నమ్ముకుని ఊళ్లో ఎవరూ కూర్చోరు. పండిన కాయ మాత్రం కూలీ వచ్చేదాకా ఆగదు. స్ట్రాబెర్రీ ఇంకా కష్టం. తెల్లవారకముందే మొదలుపెట్టాలి. కాయ నలగకుండా, పైనున్న పచ్చటి తొడిమ ఊడకుండా గోటితో తుంచాలి. గంటకి ఇన్ని కిలోలు అని లెక్క.

2020లో కరోనా టైములో "పిక్ ఫర్ బ్రిటన్" అని పెద్ద ప్రచారం చేశారు. అప్పటి యువరాజు చార్లెస్ స్వయంగా వీడియోలో పొలాలకు రమ్మని పిలిచాడు. ఆ ఏప్రిల్‌లోనే లాక్‌డౌన్ మధ్యలో రుమేనియా నుంచి ప్రత్యేక విమానంలో కూలీల్ని దింపుకోవాల్సి వచ్చింది. మరుసటి ఏడాది ఆ ప్రచారం వెబ్‌సైటే మూసేశారు. సొంత జనానికి పని దొరికిందంటే, 2019లో 2,500తో మొదలైన సీజనల్ కూలీ వీసాలు 2021కి 30,000కీ, 2023కి 45,000కీ ఎందుకు పెరిగాయి? మొత్తం వలసలు చూసినా అంతే. 2023 జూన్‌తో ముగిసిన ఏడాదిలో దేశంలోకి వచ్చినవాళ్లు, వెళ్లినవాళ్ల కంటే 9 లక్షలు ఎక్కువ.

మారింది కూలీ వచ్చే ఊరు. అంతకుముందు బల్గేరియా, రుమేనియాల నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లు. తోట యజమాని మంచివాడు కాకపోతే మర్నాడే పక్క ఊళ్లో హోటల్ పనికి పోయే హక్కు వాళ్లకుండేది. 2021లో వీసాల మీద వచ్చినవాళ్లలో మూడింట రెండు వంతులు ఉక్రెయిన్ వాళ్లు. యుద్ధం వచ్చాక కిర్గిజిస్తాన్, తజికిస్తాన్, కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్ వంతు. ఆరు నెలల వీసా, పంపిన ఏజెన్సీ ఒప్పుకుంటేనే తోట మారడం, ఆ పని తప్ప ఇంకో పని చేయకూడదు. 2022లో ఇండోనేసియా నుంచి వచ్చినవాళ్లు బ్రోకర్లకు వేల పౌండ్లు అప్పు చేసి కట్టిన సంగతి పత్రికల్లో వచ్చింది. జగిత్యాల, నిజామాబాద్ వాళ్లకు ఈ కథ కొత్త కాదు, గల్ఫ్ ఏజెంటుకి కట్టిన అప్పు తీరకముందే వీసా అయిపోవడం ఎలా ఉంటుందో వాళ్లకు తెలుసు.

మొన్న వేసవిలో బస్‌స్టాప్‌లో ఒక కిర్గిజ్ అమ్మాయి పరిచయమైంది. గోళ్ల చుట్టూ చర్మం నల్లగా, ఆకుపచ్చగా పట్టేసింది. కోతల నుంచి వచ్చినప్పుడు మా అమ్మ వేళ్లు అలాగే ఉండేవి. ఫోన్‌లో కొడుకు ఫొటో చూపించి, "అప్పు ఆగస్టుకి అయిపోతుంది, తర్వాతది నాది" అంది. సెప్టెంబర్ చివరికి వీసా అయిపోతుంది.

కూలీలు చాలక నష్టమూ జరిగింది. 2022 మొదటి ఆరు నెలల్లోనే 6 కోట్ల పౌండ్ల పంట పొలాల్లో వృథా అయిందని ఇక్కడి జాతీయ రైతు సంఘం అంచనా. మాంసం కోసే పనివాళ్లు దొరక్క సుమారు 35,000 ఆరోగ్యమైన పందుల్ని ఫారాల్లోనే చంపేయాల్సి వచ్చిందని పార్లమెంటు కమిటీ రాసింది. లారీ డ్రైవర్ల జీతాలు మాత్రం పెరిగాయి, అది ఒప్పుకోవాలి.

కొత్త ఒప్పందాల గురించి ఎక్కువ రాయక్కర్లేదు. ఆస్ట్రేలియాతో ఒప్పందం వల్ల 2035కి దేశ ఆదాయం 0.08 శాతం పెరుగుతుందనీ, వ్యవసాయం మాత్రం 9.4 కోట్ల పౌండ్లు నష్టపోతుందనీ ప్రభుత్వం వేసుకున్న లెక్కే చెప్పింది. ఆ సమయంలో వ్యవసాయ మంత్రిగా ఉన్న జార్జ్ యూస్టిస్, పదవి పోయాక 2022 నవంబర్‌లో అది మంచి ఒప్పందం కాదని పార్లమెంటులోనే ఒప్పుకున్నాడు.

చివరి మాట, మనం కూడా బయటికి రావాలన్నది. మన దేశం 2019 నవంబర్ 4న ఆర్‌సెప్ అనే ఆసియా-పసిఫిక్ దేశాల వాణిజ్య ఒప్పందంలో చేరనని చెప్పింది, పాల రైతుల భయం అందులో ఒక పెద్ద కారణం. ఆ నిర్ణయం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. సంబంధం ఇంకా కుదరకముందు వద్దనుకోవడం వేరు, నలభై ఏడేళ్లు కలిసి కాపురం చేశాక వేరుపడటం వేరు. అన్నేళ్లలో స్పెయిన్ రైతు బ్రిటన్ కోసమే పంట వేశాడు, బ్రిటన్ రైతు రుమేనియా కూలీని నమ్ముకునే తోట పెంచాడు.

ఆ బ్రిటనే 2025 మే 19న ఈయూతో కూర్చుని, ఆహార తనిఖీలు తగ్గించే ఒప్పందానికి సిద్ధమని చెప్పింది. మరుసటి నెలలో, ఈయూ నుంచి వచ్చే పండ్లు, కూరగాయల మీద తాను పెట్టాలనుకున్న తనిఖీలను బ్రిటన్ రద్దు చేసింది. ఆ ఒప్పందం కుదిరితే తిండి విషయంలో బ్రిటన్ మళ్లీ ఈయూ నిబంధనలే పాటించాలి. ఆ నిబంధనలు రాసేచోట మాత్రం ఇప్పుడు దానికి ఓటు లేదు.