సర్వేపల్లి కాలువ మురుగు ఎవరిది?

"సర్వేపల్లి కాలువను పాడుచేసింది గట్టు మీది గుడిసెల వాళ్ళే. వాళ్ళను ఖాళీ చేయించి ఒకసారి పూడిక తీయిస్తే చాలు, నెల్లూరుకు కంపూ పోతుంది, డెంగీ పోతుంది. పారే నీరు తనంతట తానే శుభ్రపడుతుంది." కొన్ని వారాలుగా మా వీధిలో ఏ ఫోను చూసినా ఈ సందేశమే. పంపినవారిలో నేను గౌరవించే పెద్దలూ ఉన్నారు కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను.

గుడిసెల మాట ముందు. ఆ కాలువను చంపుతున్నది చెత్తకన్నా మురుగునీరు. కుళాయి నీళ్ళూ మురుగు పైపులూ ఉన్న నగరంలో మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్ళు ఇవ్వాలన్నది ప్రమాణం. అందులో 80 శాతం మురుగై బయటికి వస్తుందని ఇంజనీర్ల లెక్క. నలభై ఇళ్ళ అపార్ట్‌మెంటులో 160 మంది ఉంటే రోజుకు 17 వేల లీటర్ల పైమాటే. వీధి కుళాయి నుంచి బిందెలతో మోసుకునే ఇల్లాలు అందులో ఎన్నో వంతు పారబోయగలదు?

మా వీధి సైడు కాలువ పెద్ద కాలువలో కలిసే చోట పొద్దున్నే నిలబడి చూడండి. ఆరింటికి సన్నటి ధార. ఏడున్నరకు అంట్లూ స్నానాలూ మొదలయ్యాక బూడిదరంగు నీరు సబ్బు నురగతో దూకుతుంది. అది మేడల నీరు. సెప్టిక్ ట్యాంకు మడ్డిని అడుగున ఆపుతుందే గాని నీటిని పూర్తిగా శుద్ధి చేయదు. పైకి తేరిన నీరు ఇంకుడు గుంటలోకి పోవాలి. మా వీధిలో చాలా ఇళ్ళ పైపులు నేరుగా సైడు కాలువలోకే ఉన్నాయి. నిరుడు తవ్వించి చూస్తే మా ఇంటిదీ అంతే. సిగ్గుపడి గుంట తవ్వించాను.

గట్టు మీది వాళ్ళు చెత్త వేయరని అనను. చెత్త బండి అక్కడిదాకా రాదు, వేస్తారు. ఆక్రమణలతో కాలువ ఇరుకై వాన నీరు ఎదురుతన్నుతుందన్నదీ నిజమే. 2015 నవంబరు వానలు చూసిన నెల్లూరు వాళ్ళకు అది వేరే చెప్పాలా? ఆ కుటుంబాలకు పనులకు దగ్గరలో ఇళ్ళిచ్చి తరలిస్తే కాలువ వెడల్పవుతుంది. మన పైపులు మాత్రం అలాగే పారుతుంటాయి.

ఇక పూడిక. పోయిన వేసవిలో తీశారు, తీసి గట్టు మీదే పోశారు. కొబ్బరి బొండాలు, పాల ప్యాకెట్లు, ఒక పసిపిల్ల చెప్పు ఆ నల్లటి కుప్పలో ఎండుతూ ఉండగా చూశాను. కార్తీకం వానలకు కుప్ప సగం తిరిగి కాలువలోకే జారింది. తీసిన మట్టిని అప్పుడే లారీల్లో తరలించకపోతే ఆ ఖర్చంతా వృథా.

డెంగీ సంగతి నిమిషంలో తేలిపోతుంది. ఆ దోమ మురుగులో కాదు, నిలవున్న మంచి నీటిలో గుడ్లు పెడుతుంది, పగటిపూట కుడుతుంది. మూతలేని డ్రమ్ము, కూలర్, ఫ్రిజ్ వెనక పళ్ళెం, మేడ మీది పూలకుండీ దానికి చాలు. మురుగులో పెరిగే క్యూలెక్స్ దోమ వల్ల వచ్చేది బోదకాలు. ఆ దోమకు విరుగుడు మురుగు నిలవకుండా పారించడమే. గట్టున చల్లే బ్లీచింగ్‌లోని క్లోరిన్ అంత మురికిలో పడగానే ఖర్చైపోతుంది, లార్వాల దాకా మిగలదు.

పారే నీరు తనంతట తానే శుభ్రపడుతుందన్న మాట నన్ను అన్నిటికన్నా బాధపెట్టింది. ఇది మురుగు కోసం తవ్విన కాలువ కాదు. పెన్నా నీటిని ఆనకట్ట దగ్గర మళ్ళించి సర్వేపల్లి వైపు పొలాలకు అందించే సాగునీటి కాలువ. నీరు తన మురికిని తాను కడుక్కోవాలంటే అందులో ప్రాణవాయువు ఉండాలి, కొత్త మురుగు కలవకుండా కొంత దూరం సాగాలి. మన ఊరు దాటేదాకా అడుగడుగునా మరో సైడు కాలువ వచ్చి కలుస్తూనే ఉంది. దిగువన మా బంధువుల మడిలో నాట్లకు దిగిన ఆడవాళ్ళు సాయంత్రానికి మోకాళ్ళ దాకా గోక్కుంటూ గట్టెక్కుతున్నారు.