చెవిలో జోరీగ, వెనకాల కారు

సైకిల్ రేసుల గురించి లోకంలో ఒక అపోహ పాతుకుపోయింది, అవి సైకిల్ తొక్కేవాళ్ల మధ్య జరుగుతాయని. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఒంటరి మనిషి, రెండు చక్రాలు, ఎదురుగా కొండ, కళ్లలోకి కారే చెమట అంటూ ఏవేవో ఊహించుకుని కరిగిపోయిన రోజులున్నాయి. కొన్నేళ్లుగా ప్రతి జులైలోనూ టీవీ ముందు కూర్చుని టూర్ డి ఫ్రాన్స్‌ను, అంటే ఫ్రాన్స్‌లో మూడు వారాల పాటు రోజుకో స్టేజి చొప్పున సాగే సైకిల్ రేసును, అధ్యయనం చేశాక జ్ఞానోదయమైంది. ఇది కార్ల రేసు. అవి మరీ వేగంగా పోకుండా ముందు సైకిళ్లను పెట్టారు, అంతే.

నమ్మకపోతే లెక్క చూడండి. 2024 టూర్‌లో 22 జట్లు, జట్టుకు 8 మంది, వెరసి 176 మంది రైడర్లు. జట్టుకు రెండేసి చొప్పున 44 కార్లు. వీటికి తోడు రేస్ డైరెక్టర్ ఎర్ర కారు, అధికారుల కార్లు, ఏ జట్టుకూ చెందని తటస్థ సహాయ వాహనాలు, అంబులెన్సులు, పోలీసుల మోటార్ సైకిళ్లు, ఫొటోగ్రాఫర్ల మోటార్ సైకిళ్లు, టీవీ కెమెరాల మోటార్ సైకిళ్లు, పైన హెలికాప్టర్లు. డాక్టరుగారిది టాపు లేని కారు. మోకాలు చీరుకుపోయిన రైడర్ ఆ కారు పట్టుకుని సాగుతూంటే ఆయన లోపల్నుంచి వంగి మందు రాస్తారు. ఈ బారుకంతటికీ చివర, ఓపిక అయిపోయినవాళ్లను ఎక్కించుకోవడానికి చీపురు బండి. పేరు నేను పెట్టలేదు, ఫ్రెంచివాళ్లే అలా పిలుస్తారు. 1910 నుంచీ ఉంది. మమ్మల్ని చెత్తతో పోలుస్తారా అని ఎవరూ గొడవ చేసినట్టు లేదు. అది ఎక్కే సమయానికి నోరు పెగలదు కాబోలు.

అసలు క్రీడాకారుడెవరో తెలియాలంటే జట్టు కారులోకి తొంగిచూడాలి. స్టీరింగ్ దగ్గర కూర్చున్న పెద్దమనిషిని స్పోర్ట్స్ డైరెక్టర్ అంటారు. చాలావరకు ఒకప్పటి రైడరే. ఒక చేత్తో స్టీరింగ్, రెండో చేతిలో రేడియో మైకు. ఎదురుగా ఒక తెర మీద దారి మ్యాపు, ఇంకో తెర మీద రేసు ప్రసారం. కొండల్లోకి పోగానే ఆ ప్రసారం ఆగిపోతుంది. అప్పుడు రేసుకు రెండు వందల మీటర్ల వెనకున్న ఆయనకన్నా, ఇంట్లో సోఫాలో ఉన్న నాకే ఎక్కువ తెలుసు. ముందు కారుకూ ఆయన కారుకూ మధ్య జానెడు సందు. ఆ సందులోంచి ఎవరో ఒక రైడర్ దూరిపోతూ ఉంటాడు. ఇంతలో తన జట్టు కుర్రాడొచ్చి కిటికీ పక్కన నిలబడతాడు, అంటే గంటకు 40 కిలోమీటర్ల వేగంతో నిలబడతాడు. ఆయన ఒక్కొక్క నీళ్ల బాటిలూ అందిస్తూంటే, కుర్రాడు వాటిని జేబుల్లో, మెడ వెనక నుంచి చొక్కాలో కుక్కుకుని, గూని వచ్చినవాడిలా తయారై, మళ్లీ గుంపులోకి ఎగబాకి మిగతా ఏడుగురికీ పంచుతాడు. ఈ పని చేసేవాడిని డొమెస్టిక్ అంటారు. ఫ్రెంచిలో ఆ మాటకు ఇంటి నౌకరని అర్థం. ఈ ఒక్క విషయంలో ఈ క్రీడ నిజాయితీని మెచ్చుకోవాలి.

వెనక సీట్లో మెకానిక్, ఆయన పక్కన విడి చక్రాలు. కారు నెత్తిన బారుగా సైకిళ్లు. జట్టు నాయకుడి సైకిల్ ఎప్పుడూ అంచునే, చెయ్యి వేస్తే అందేచోట ఉంటుంది. నీళ్లు మోసే కుర్రాడిది మధ్యలో ఇరుక్కుని ఉంటుంది. అంతస్తుల గురించి పెద్ద పెద్ద పుస్తకాలు తిరగేసేవాళ్లు ఒకసారి ఆ కారు టాపు చూస్తే సరిపోతుంది.

ఇక బారులో ఏ కారు ఎక్కడ ఉండాలన్నది మామూలు విషయం కాదు. మొదట చీటీలు తీస్తారు. రేసు మొదలయ్యాక, మొత్తం సమయం లెక్కలో ఎవరి రైడర్ ముందుంటే వాళ్ల కారు ముందు. అంటే బాగా తొక్కేవాడికి సహాయం సెకన్లలో వస్తుంది. వెనకబడినవాడికి ఇంకా వెనక నుంచి, ఇరవై కార్లను దాటుకుని వస్తుంది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. ఇక్కడ చెల్లదు. వడ్డించేవాడు మనవాడే, కడబంతిలో ఉన్నది ఆయన.

పంక్చరైన రైడర్ చెయ్యెత్తుతాడు. అధికారి చూస్తాడు. రేడియో టూర్ అనే ఆకాశవాణి అన్ని కార్లలోనూ ఒకేసారి పలుకుతుంది: ఫలానా జట్టుకు పంక్చర్. ఆ జట్టు కారు హారన్ మోగిస్తూ పక్క నుంచి దూసుకొస్తుంది. మెకానిక్ దూకి, చక్రం మార్చి, రైడర్ వీపు మీద చెయ్యి వేసి ఒక్క తోపు తోస్తాడు. పది పదిహేను సెకన్ల పని. ఆ తోపును ఎవరూ తప్పు పట్టరు. అది అభిమానం. కిలోమీటరు తర్వాత కూడా కొనసాగితే అది మోసం. మధ్యలో ఎక్కడ గీత గీశారో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

అధికారులకు అంతుపడుతుంది. బాటిల్ అందించేటప్పుడు డైరెక్టరు దాన్ని వెంటనే వదలడు, రైడరూ వదలడు. ఇద్దరూ పట్టుకునే ఉంటారు, కారు వేగం పెంచుతుంది. ఇది జిగురు బాటిల్. ఇంకో రకంలో మెకానిక్ కిటికీలోంచి నడుం దాకా బయటికి వంగి, బ్రేకు దగ్గర స్పానర్‌తో ఏదో తిప్పుతున్నట్టు నటిస్తాడు. సైకిల్‌కు ఏ జబ్బూ లేదు. రైడర్ మాత్రం కారును పట్టుకుని అలసట తీర్చుకుంటూ ఉంటాడు. కొద్దిగా అయితే అందరూ ఆకాశం వైపు చూస్తారు. 2015లో స్పెయిన్ టూర్ రెండో స్టేజిలో విన్సెంజో నిబాలి కారును మరీ గట్టిగా నమ్ముకున్నాడు. హెలికాప్టర్ కెమెరా చూసింది, ఇంటికి పంపేశారు. 2017 పారిస్-నీస్ రేసు మొదటి రోజే రొమాన్ బార్డేకీ అదే గతి. 2023 మహిళల టూర్‌లో డెమీ వొలెరింగ్ కారును పట్టుకోను కూడా లేదు. పంక్చరయ్యాక దాని వెనక గాలి చాటున ఎక్కువసేపు తొక్కిందని 20 సెకన్లు కోశారు, ఆమె డైరెక్టర్‌ను రేసు నుంచే పంపేశారు. ఒకరి వెనక ఒకరు గాలి చాటున దాక్కోవడమే ప్రధాన విద్య అయిన ఆటలో ఇది శిక్ష! తేడా ఏమిటంటే, మనిషి వెనక దాక్కుంటే వ్యూహం, కారు వెనక దాక్కుంటే నేరం.

సహాయం విషయంలో ఈ క్రీడకు మొదటి నుంచీ మనసు కుదురుగా లేదు. 1913 టూర్‌లో యూజీన్ క్రిస్టోఫ్‌కు టూర్మలే కొండ దిగుతుండగా ముందు ఫోర్కు విరిగింది. అప్పటి నియమం ప్రకారం ఎవరి బాగు వాళ్లే చేసుకోవాలి. సైకిల్‌ను భుజానేసుకుని పది కిలోమీటర్ల పైచిలుకు నడిచి, సెంట్ మరీ ద కాంపాన్ ఊళ్లో కమ్మరి కొలిమి దగ్గర గంటల తరబడి తనే సుత్తి పట్టి అతికించుకున్నాడు. పక్కనే అధికారులు నిలబడి చూశారు. రెండు చేతులూ పనిలో ఉన్నాయి కాబట్టి కొలిమి తిత్తిని ఒక పిల్లాడు ఊదాడు. అది బయటి సహాయం! పది నిమిషాల జరిమానా రాశారు, తర్వాత దయతలచి మూడుకు తగ్గించారు. ఈ రోజుల్లో ఆ పిల్లాడే ఉంటే వాడికో గుర్తింపు కార్డు, కారు మీద స్పాన్సర్ స్టిక్కరు ఉండేవి. 1934లో ఇంకో అడుగు ముందుకేశారు. నాయకుడు ఆంటొనిన్ మాన్య చక్రం పాడైతే, జట్టులోని 20 ఏళ్ల రెనే వియెటో తన చక్రం ఊడదీసి ఇచ్చి, గోడ మీద కూర్చుని ఏడ్చాడు. కార్లలో స్టెప్నీలు రాకముందు మనుషులే స్టెప్నీలు.

ఇక చెవిలో జోరీగ సంగతి. 1990ల తొలినాళ్లలో మోటరోలా జట్టు తన రైడర్ల చెవుల్లో రేడియోలు పెట్టింది. రేడియోలు తయారుచేసే కంపెనీ జట్టుకు డబ్బిస్తే, రైడర్లకు రేడియోలు అత్యవసరమని తేలడంలో వింతేముంది? కొన్నేళ్లకు అందరి చెవులూ నిండాయి. ఇప్పుడు ఎవరికీ ఏదీ తోచాల్సిన అవసరం లేదు. ముందు మలుపుందని చెబుతారు, గాలి ఎడమ నుంచని చెబుతారు, తాగమంటారు, తినమంటారు, ఇప్పుడు కాదంటారు, ఇప్పుడే అంటారు. ఇంట్లో పెద్దవాళ్ల నుంచి పారిపోయి సైకిలెక్కిన కుర్రాడికి కూడా ఇది తప్పదు.

ఇదంతా భద్రత కోసమని సమర్థించేవాళ్లు అంటారు. ఒప్పుకోవాల్సిందే, ముందు రోడ్డు మీద నూనె ఉందని ముందే తెలిస్తే ఎముకలు మిగులుతాయి. అయితే ఇరుకు రోడ్డు రాబోతోందని డైరెక్టర్లందరికీ ఒకే మ్యాపులో కనిపిస్తుంది. 22 గొంతులు ఒకే నిమిషంలో 176 చెవుల్లో ఒకే మాట అంటాయి: ముందుకెళ్లు, మొదటి ఇరవై మందిలో ఉండు! మొదటి ఇరవై మందిలో 176 మంది ఉండడానికి గణితం ఇంకా దారి కనిపెట్టలేదు. కాసేపటికి రేడియో టూర్ ప్రకటిస్తుంది: గుంపులో ప్రమాదం. అప్పుడు అవే గొంతులు అడుగుతాయి: అందరూ బాగానే ఉన్నారా?

2009 టూర్‌లో దీన్ని ఆపి చూద్దామనుకున్నారు. ఫ్రాన్స్ జాతీయ దినం జులై 14న, లిమోజ్ నుంచి ఇసూడన్ దాకా రేడియోలు బంద్. స్వేచ్ఛా సమానత్వాలకు పండగ చేసుకునే రోజున చెవులకు స్వాతంత్ర్యం ఇచ్చారన్నమాట. రైడర్లు ఆ స్వాతంత్ర్యాన్ని రోజంతా నింపాదిగా తొక్కుతూ నిరసనకు వాడుకున్నారు. చివర్లో మామూలుగానే గుంపంతా దూకింది, మార్క్ కావెండిష్ గెలిచాడు. అదే వారంలో పెట్టాల్సిన రెండో రేడియో లేని స్టేజిని అధికారులు మర్యాదగా మానుకున్నారు. చెప్పేవాడు లేకపోతే ఏంచేయాలో తోచదని వాళ్లే ఇంత స్పష్టంగా తేల్చిచెప్పాక ఇంకెవరు వాదిస్తారు?

ఒలింపిక్స్‌లో మాత్రం ఇంకా పాత పద్ధతే, చెవులు ఖాళీ. దాని అనర్థం 2021 జులై 25న టోక్యో మహిళల రేసులో లోకమంతా చూసింది. ఆస్ట్రియాకు చెందిన ఆనా కీసెన్‌హోఫర్ వృత్తి రైడర్ కాదు, గణితంలో డాక్టరేట్ చేసిన మనిషి. రేసు మొదలైన వెంటనే ముందుకెళ్లిపోయింది. నువ్వు గెలవలేవు, వెనక్కి రా అని చెవిలో చెప్పేవాళ్లు లేకపోవడంతో ఆ సంగతి ఆమెకు తెలియలేదు. వెనకున్న హేమాహేమీలకు ముందు ఇంకా ఒకామె మిగిలి ఉందన్న సంగతి తెలియలేదు. నిమిషం 15 సెకన్ల తర్వాత గీత దాటిన ఆనెమీక్ వాన్ వ్లూటెన్ చేతులు పైకెత్తి విజయోత్సవం చేసుకుంది. గెలిచానని నిజంగానే అనుకుంది పాపం. ఆలూ లేదు చూలూ లేదు అంటే ఇదే. లెక్క పెట్టడం వచ్చిన మనిషి ముందు, లెక్క చెప్పించుకునే అలవాటున్నవాళ్లు వెనక.

మాట అందకపోతే అలా. కారే అందకపోతే ఏమవుతుందో 2016 టూర్‌లో జులై 14న మోంట్ వెంటూ కొండ మీద తేలింది. జనం కిక్కిరిసి మోటార్ సైకిల్ ఆగిపోయింది, రిచీ పోర్ట్ దాన్ని గుద్దుకున్నాడు, ఆ వెనకే క్రిస్ ఫ్రూమ్. పసుపు జెర్సీలో ఉన్నవాడి, అంటే మొత్తం సమయం లెక్కలో అందరికన్నా ముందున్నవాడి, సైకిల్ విరిగింది. జట్టు కారు ఎక్కడో వెనక జనంలో ఇరుక్కుంది. ఫ్రూమ్ సైకిల్‌ను వదిలేసి, అడుగున బిళ్లలున్న బూట్లతో కొండెక్కుతూ పరుగెత్తాడు. తటస్థ వాహనం ఇచ్చిన పసుపు సైకిల్ ఆయన పాదాలకు నప్పలేదు. చివరికి జట్టు కారొచ్చింది, ప్రాణం లేచొచ్చింది. అధికారులు సమయం సర్దుబాటు చేసి జెర్సీ ఆయనకే ఉంచారు. కోట్లు ఖరీదు చేసే సైన్సు, శిక్షణ, ఆహార నిపుణులు అన్నీ కలిసి తయారుచేసిన మనిషి, కారు పక్కన లేకపోతే దారి తప్పిన పాదచారి.

కార్లే అప్పుడప్పుడూ సహనం కోల్పోతాయి. 2011 టూర్‌లో ఒక టీవీ కారు రైడర్ల గుంపును దాటబోయి హువాన్ ఆంటోనియో ఫ్లెచాను గుద్దింది. పక్కనున్న జానీ హూగర్‌లాండ్ ముళ్లకంచె మీద పడ్డాడు. 33 కుట్లు పడ్డాయి. అదే సాయంత్రం, కొండలెక్కడంలో ముందున్నవాడికిచ్చే కొండల రాజు జెర్సీ వేసుకుని వేదిక మీద ఏడ్చాడు. ఈ ఒక్కదాని మీద జోకు వేయడం నా వల్ల కాలేదు, ముందుకు పోతాను.

బస్సుల సంగతి చెప్పకపోతే అన్యాయం. 2013 జూన్ 29, కార్సికా దీవిలోని బాస్టియా, టూర్ మొదటి రోజు. ఆరికా గ్రీన్ఎడ్జ్ జట్టు బస్సు ఆలస్యంగా వచ్చి ముగింపు గీత మీది కమాను కింద ఇరుక్కుపోయింది. సైకిళ్లు వచ్చేస్తున్నాయి. ముగింపును మూడు కిలోమీటర్లు ఇవతలికి జరిపామని రేడియోలో ప్రకటించారు. చివరి మలుపుల కోసం నెలల తరబడి కట్టిన ప్రణాళికలన్నీ గాలికి పోయాయి, డైరెక్టర్లు కొత్తవి అరవడం మొదలుపెట్టారు. ఇంతలో టైర్ల గాలి తీసి బస్సును బయటికి లాగారు. ముగింపు మళ్లీ పాతచోటేనని ఇంకో ప్రకటన. మధ్యలో గుంపులో పెద్ద ప్రమాదం. మార్సెల్ కిటెల్ గెలిచాడు. నా దృష్టిలో ఆ రోజు గీతను మొదట దాటింది బస్సే. అది ఎత్తు ఎక్కువని పతకం ఇవ్వకపోవడం వివక్ష.

నేను ఒక సంస్కరణ సూచించబోయాను, పసుపు జెర్సీని కారు బానెట్ మీద కప్పాలని. అవసరం లేదని తర్వాత తెలిసింది, ఈ క్రీడలో ఎవరి స్థానం ఏమిటో ఎప్పుడో తేల్చేశారు. 2019 మార్చి 2న బెల్జియంలో ఓమ్‌లూప్ రేసు. పురుషులు ముందు బయల్దేరారు, ఓ పది నిమిషాల తర్వాత మహిళలు. స్విస్ రైడర్ నికోల్ హాన్సల్‌మన్ ఒంటరిగా ముందుకు దూకి, ఎంత బాగా తొక్కిందంటే, ఎదురుగా పురుషుల రేసు వెనకుండే సహాయ వాహనాలు కనిపించాయి. కార్లకు దారి ఇమ్మని చెప్పే పద్ధతి లేదు కాబట్టి అధికారులు ఆమెనే ఆపారు. వెనకున్న మహిళల గుంపునూ ఆపారు. కార్లు తగినంత దూరం పోయేదాకా ఆమె సైకిల్ పట్టుకుని రోడ్డు మీద నిలబడింది. చివరికి 74వ స్థానంలో వచ్చింది. కార్లన్నీ క్షేమంగా చేరాయి.