రాకెట్లకు కలిసొచ్చిన తీరం బెలూన్లకు ఎందుకు కలిసిరాదు?

2022 ఏప్రిల్‌లో శ్రీహరికోట తిరుపతి జిల్లాలో కలిసినా, నెల్లూరోళ్లకు రాకెట్ ఇప్పటికీ మనదే. ఆ చనువుతోనే, టాటా మౌలిక పరిశోధన సంస్థ (టీఐఎఫ్ఆర్) హైదరాబాద్ నుంచి వదిలే, టెలిస్కోపుల్లాంటి పరికరాలను పైకి మోసుకెళ్లే పరిశోధన బెలూన్లను మన తీరం నుంచి వదలొచ్చు కదా అనేవాళ్లున్నారు. నాకైతే ఇది కుదిరే బేరంలా కనిపించదు. ఇక్కడ వదిలే రోజులకన్నా వాతావరణం కోసం కాచుక్కూర్చునే రోజులే ఎక్కువవుతాయి.

రాకెట్‌కు కింద సముద్రం కావాలి, రాలిన దశలు జనం లేనిచోట పడాలి కాబట్టి. బెలూన్‌కు కింద నేల కావాలి. దానికి ఇంజిన్ లేదు, గాలి ఎటు తోస్తే అటే. పని అయ్యాక పరికరాలను విడదీస్తే పారాచూట్ మీద దిగుతాయి. చలికాలంలో పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున వీచేది పడమటి గాలి. నెల్లూరు దగ్గర వదిలితే బెలూన్ కాసేపటికే బంగాళాఖాతం మీద తేలే ప్రమాదం ఎక్కువ.

నేల మీద గండం ఇంకోటి. బెలూన్ గుడ్డ కూరగాయల కవరంత పల్చటి పాలిథీన్. దాన్ని పొడవునా పరిచి, పై కొసలో మాత్రమే హైడ్రోజన్ నింపుతారు. ఆ కొస బుడగలా నిలబడుతుంది, మిగతాదంతా ఖాళీగా వేలాడుతుంది. పైకెళ్లేకొద్దీ ఒత్తిడి తగ్గి గ్యాస్ పదుల రెట్లు ఉబ్బుతుంది, ఆ ఖాళీ అందుకే. ఈలోగా ఒక్క ఈదురుగాలి విసురు చాలు, గుడ్డ చిరిగిపోవడానికి. రాత్రి, తెల్లవారుజామున వదలడం ఆ భయంతోనే. పొద్దెక్కితే మన తీరంలో సముద్రపు గాలి తిరగనే తిరుగుతుంది.

గండాలన్నీ దాటి 16, 17 కిలోమీటర్లు చేరితే మైనస్ 80 డిగ్రీల చలి. మామూలు పాలిథీన్ అక్కడ పెళుసుబారి పగులుతుంది. ఇది హైదరాబాద్‌కూ తప్పని బాధే.

అసలు చిక్కు కాలానిది. హైదరాబాద్‌లో ఆకాశం తేటపడే అక్టోబర్, డిసెంబర్ మధ్యే మనకు ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు. 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుఫాను నెల్లూరును ఎంత ముంచిందో గుర్తుంది కదా!

అలాగని ఇక్కడ బెలూన్లే ఎగరవని కాదు. పైగాలుల లెక్క తేల్చుకోవడానికి రాకెట్ ప్రయోగాల ముందు శ్రీహరికోటలో చిన్న వాతావరణ బెలూన్లు వదులుతారు. అవి రబ్బరువి. పైన పగిలి సముద్రంలో పడ్డా పోయేది కొద్దే. ఏళ్లు పట్టి తయారుచేసిన టెలిస్కోపును అలా వదులుకోలేరు. అది తిరిగి చేతికి రావాలంటే తెలంగాణ పొలాలే మేలు.